తెల్లంచు మొక్క తగువు

చలికొండ మీద వాగు పక్కన కాస్త తడి నేల ఉంది. పొద్దున లేతెండ, మధ్యాహ్నం చల్లటి నీడ. పున్నమ్మ అనే కుందేలు అక్కడే బొరియ తవ్వుకుని కాపురం పెట్టింది. కొండ దిగువన ఎవరో తోటలోంచి పారేసిన డాగ్‌వుడ్ అనే అందాల మొక్క కొమ్మలు రెండు ఈడ్చుకొచ్చి వాకిట్లో నాటింది. అవి బతికి పొదలయ్యాయి. పచ్చటి ఆకులకు తెల్లటి అంచులు, ఎర్రటి కాడలు. దారిన పోయే జింకలు కూడా నిలబడి చూసేవి.

ఆ చోటు మీద ఓ నక్క కన్ను పడింది. అడవిలో తగువులు తీర్చే ఏనుగు తాత దగ్గరికి పోయి లబోదిబోమంది.

"తాతా! ఆ మొక్కలు నేను నాటినవి. ఈ కుందేలు నా చోట్లో దూరి నన్నే పొమ్మంటోంది!"

"అబద్ధం తాతా! నేనే నాటాను" అంది పున్నమ్మ. నాటినప్పుడు చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. బొరియలో పిల్లలు ఇంకా కళ్లయినా తెరవలేదు. ఈ నీడ పోతే వాటిని ఎక్కడికి మోసుకుపోవాలి?

ఏనుగు తాత చెవులాడిస్తూ ఆలోచించాడు. "చెరో మొక్కా చూసుకోండి. వానలు వెళ్లాక వస్తాను. ఎవరి మొక్కకు ఈ అందం నిలిస్తే చోటు వాళ్లది."

వానలు మొదలయ్యాయి. రెండు పొదల్లోనూ అక్కడక్కడా తెలుపన్నదే లేని పచ్చటి కొమ్మలు బలంగా లేచాయి. పున్నమ్మ తన పొదలోవి మొదలంటా కొరికేసింది.

నక్క పకపకా నవ్వింది. "మతి పోయిందా కోడలు పిల్లా? ఏపుగా ఉన్నవాటినే కొరుకుతున్నావే!"

"వాటిని వదిలేస్తే తెల్లంచు కొమ్మల్ని మింగేస్తాయి మామా. నువ్వూ తీసెయ్."

"ఓహో, నన్ను ఓడించడానికి ఇదా ఎత్తు! నా దగ్గర సాగదులే."

నక్క ఒక్క కొమ్మా తీయలేదు. దాని పొద పున్నమ్మ పొదను దాటేసి పెరిగింది. దారిన పోయేవాళ్లంతా నక్కనే మెచ్చుకుంటుంటే పున్నమ్మకు దిగులేసింది. అయినా పచ్చ కొమ్మ కనబడితే కొరకడం మాత్రం మానలేదు.

వానలు వెళ్లాయి. ఏనుగు తాత వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడు నక్క తన పొదను పరీక్షగా చూసుకుంది. మచ్చుకైనా తెల్లంచు లేదు, అంతా పచ్చే! గబగబా వాగులోంచి తెల్లసుద్ద తెచ్చి, తోక ముంచి ఆకు ఆకుకూ అంచు దిద్దింది.

అడవంతా పోగైంది. నక్క పొద చూసి ఏనుగు తాత కళ్లు పెద్దవి చేశాడు. "ఎంత పెద్దదీ, ఎంత తెల్లనిదీ!"

పున్నమ్మ తెల్లబోయి ఆ పొద దగ్గరికి వెళ్లి ఓ ఆకు వాసన చూసింది. ముక్కుకు ఏదో అంటింది. తుడుచుకుంటే సుద్ద! కేకలు పెట్టలేదు. వినయంగా తాత వైపు తిరిగింది.

"తాతా, పొద్దుట్నుంచీ మొక్కలకు నీళ్లు పోయలేదు. నీ తొండంతో కాసిన్ని చల్లి దీవించవూ?"

"వద్దొద్దు!" నక్క ఎగిరి అడ్డం పడింది. "నా మొక్కకు... నా మొక్కకు జలుబు!"

"మొక్కకు జలుబేమిట్రా?" అంటూ ఏనుగు తాత వాగు నీళ్లు పీల్చి రెండు పొదల మీదా ధారగా కొట్టాడు. పున్నమ్మ పొద తళతళా మెరిసింది. నక్క పొద నుంచి పాలలాంటి నీళ్లు కారి, ఉత్త పచ్చటి చెట్టు మిగిలింది.

"ఎవరో గిట్టనివాళ్లు సుద్ద పూశారు తాతా!"

"మరి నీ తోకకు ఆ తెలుపేమిటి?"

అడవి గొల్లుమంది. నక్క తోక ముడిచి పరుగెత్తింది. కళ్లు తెరిచి బాగా ఎదిగిన పిల్లల్ని పున్నమ్మ వాకిట్లోకి పిలిచి, అందరి ముందూ గట్టిగా చెప్పింది. "ఆడుకోండర్రా! ఈ చోటు మనదే!"

నీతి: పెంచడమంటే నీళ్లు పోయడమొక్కటే కాదు, తీసేయాల్సినదాన్ని వేళకు తీసేయడం కూడా.