మునిగిన పడవలో మోత

తీరానికి దూరంగా, సముద్రం అడుగున ఒక రాతిగుట్ట. దాని పక్కన ఎప్పుడో మునిగిపోయిన చేపల పడవ. ఆ గుట్టమీద కాపురముండే జీవులన్నీ తమంత తెలివైనవాళ్ళు ఏ సముద్రంలోనూ లేరని నమ్మేవి. అది నిజమా అని అడిగేంత తెలివి మాత్రం ఒక్కరికీ ఉండేది కాదు.

ఆ వేసవిలో పడవ వైపు నుంచి ఒక శబ్దం మొదలైంది. "గుమ్మ్‌మ్‌మ్" అని, రాళ్ళమీది నాచు కూడా వణికేలా మోగేది. కాసేపటికి ఆగిపోయేది. రోజుకు రెండుసార్లో, మూడుసార్లో.

శబ్దం పుట్టిన పూటే కారణాలు కూడా పుట్టాయి.

"దక్షిణాన మంచుకొండలు విరుగుతున్నాయి. ఆ మోత ఇంతదూరం వస్తుంది. ఇది తెలిసిన సంగతే," అన్నాడు తాబేలు తాత.

"మంచుకొండ నువ్వెప్పుడు చూశావు తాతా?" అంది పీతమ్మ.

"చూసినవాణ్ణి చూశాను. చాలదూ?"

"చాలదు. అడుగున నిప్పుకొండ రాజుకుంటోంది. నా కాళ్ళకు వేడి తెలుస్తోంది."

"పది కాళ్ళున్నాయి కదా, ఏ కాలికి?" అన్నాడు గొరకయ్య. గొరక చేపలకు కడుపులోంచి గరగరమని శబ్దం చేయడం వచ్చు. ఆ విద్యను ఆయన సంగీతం అనేవాడు. "మంచూ లేదు, నిప్పూ లేదు. మా వంశంలో ఎవరో పెద్దాయన పాడుతున్నారు. ఆ గాంభీర్యం మావాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది?"

చిట్టిచేపలు మెత్తళ్ళ గుంపు ముగ్గురికీ "అవునవును" అంది.

పడవ అక్కణ్ణుంచి నిండా వంద బారలు లేదు. వెళ్ళి చూద్దామన్నవాడు ఒక్కడూ లేడు. చూస్తే వాదించడానికి ఏం మిగులుతుంది?

అప్పుడొచ్చాడు పాములాంటి మలుగు చేప, మలుగయ్య. ఒంటినిండా జిగురు, నోటినిండా పళ్ళు, మాటనిండా దయ.

"మంచట, నిప్పట, పాటట! అమాయకులారా, అది భూతం. పడవతో పాటే మునిగింది. ఆకలేసినప్పుడల్లా అలా మూలుగుతుంది. దాని మీద ఒక కన్నేసి ఉంచాలనే, మీకోసం ప్రాణాలకు తెగించి ఆ పడవలోనే ఉంటున్నాను."

"మీకోసం అంటే మాకోసమేనా బాబూ?" అన్నాయి మెత్తళ్ళు గద్గదంగా.

"మరెవరికోసం? మీరు చేయవలసింది ఒక్కటే. మూలుగు వినపడగానే ఇసుకలో మొహం దూర్చి కళ్ళు మూసుకోండి. ఆగేదాకా కదలకండి. భూతం కళ్ళు తెరిచినవాళ్ళనే పట్టుకుంటుంది."

గుట్ట గుట్టంతా తలలు ఊపింది. ఆ రోజు నుంచీ మోత వినపడితే చాలు, మొహాలు ఇసుకలోకి, తోకలు పైకి. తలలు పైకెత్తి చూసేసరికి సందుల్లో దాచుకున్న గుడ్లు తగ్గేవి. పిల్లలు తగ్గేవారు. పీతమ్మ ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుంది.

"భూతమే తీసుకుపోయింది తల్లీ. మొహం సరిగ్గా దూర్చినట్టు లేవు. ఈసారి ఇంకొంచెం లోతుగా," అని ఓదార్చాడు మలుగయ్య.

పీతమ్మ ఇంకొంచెం లోతుగా దూర్చింది.

మోత మొదలైన నెలకు, ఎక్కడో దూరపు నదీముఖం నుంచి జెల్లన్న వచ్చాడు. జెల్ల చేపల్లో గుడ్లు మోసేది తండ్రి, అదీ నోట్లో. గోళీకాయలంత గుడ్లు నలభై. పిల్లలై బయటికి ఈదేదాకా తిండి లేదు, మాట లేదు. ఊరుకాని ఊళ్ళో ఒక రాతిసందు చూసుకుని, గంటగంటకూ నాలుకతో తడిమి, నలభైయ్యీ ఉన్నాయో లేదోనని లెక్కపెట్టుకునేవాడు. ముప్ఫై తొమ్మిది వస్తే గుండె ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇసుకలో మొహం దూరిస్తే గుడ్లకు ఊపిరాడదు. అందుకని మోత వచ్చినప్పుడు అతనొక్కడే కళ్ళు తెరుచుకుని కూర్చునేవాడు. ఒకరోజు అలా కూర్చునుండగా, ఎవరి గూట్లోంచో బయటికి వస్తూ మలుగయ్య ఎదురుపడ్డాడు. అతని పెదవి మీద పిల్లపీత కాలొకటి వేలాడుతోంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మలుగయ్య పంచాయతీ పెట్టించాడు.

"భూతం మన మధ్యలోనే ఉంది. ఇదిగో, ఈ పరాయివాడు! వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పాడా? నోట్లో దాచిందేమిటి? ఈయన అడుగుపెట్టాకే కదా మోత మొదలైంది!"

మోత అంతకు నెల ముందునుంచే ఉంది. ఆ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

"ఏమయ్యా జెల్లన్నా, మాట్లాడు," అన్నాడు తాబేలు తాత.

"ఊఁ," అన్నాడు జెల్లన్న. అంతకంటే ఏమంటాడు?

"విన్నారా! అదే మూలుగు! చిన్నగా ఉందంతే!" అని ఎగిరిపడ్డాడు గొరకయ్య. "నాకు శ్రుతి తెలుసు."

"మొన్న మీ వంశం పాటన్నావుగా?" అంది పీతమ్మ.

"మొన్నటి మాట మొన్నటిదే."

మలుగయ్య జెల్లన్న ముందుకు జరిగి, మొహంలో మొహం పెట్టాడు. "గొడవెందుకు నాయనా? ఒక్కసారి నోరు తెరువు. తప్పు లేనివాడికి భయమెందుకు?"

"నోరు తెరువు! నోరు తెరువు!" అన్నాయి మెత్తళ్ళు.

తెరిస్తే నలభై గుడ్లూ ఆ పళ్ళ ముందు ఒలికిపోతాయి. జెల్లన్న దవడలు బిగించాడు. నెలరోజుల పస్తుతో ఒళ్ళు తూలుతోంది.

సరిగ్గా అప్పుడే నీటి ప్రవాహం జోరెక్కింది, "గుమ్మ్‌మ్‌మ్" అని మోగింది.

అలవాటుగా సగంమంది మొహాలు ఇసుకలోకి వెళ్ళాయి. "చూశారా, ఇతని నోట్లోంచే!" అని అరిచాడు మలుగయ్య. మోత మాత్రం అందరి వీపుల వెనక, పడవ వైపు నుంచి వస్తోంది.

జెల్లన్న ఒక్కసారిగా వాళ్ళను తప్పించుకుని, పడవ వైపు ఈదాడు.

"పారిపోతున్నాడు, పట్టుకోండి!" అన్నాయి మెత్తళ్ళు.

"వద్దు! అటు వెళ్ళకండి! అక్కడ భూతం!" అన్నాడు మలుగయ్య. అతని మాట ఎవరూ లెక్కచేయకపోవడం అదే మొదలు. పరాయివాణ్ణి తరమడంలో ఉన్న హుషారు భూతం భయాన్ని కూడా మింగేసింది.

పడవలో ఒక పాత నూనె డ్రమ్ము ఒరిగి ఉంది. దానికి ఒకటే కన్నం; తుప్పుపట్టిన బిరడా ఈ వేసవిలోనే ఊడి పక్కన పడింది. నీటివాలు ఆ కన్నం మీదుగా కోసుకుంటూ పోతోంది. ఖాళీ సీసా మూతిమీద ఊదితే మోగదూ? అలా మోగుతోంది డ్రమ్ము.

జెల్లన్న వెళ్ళి కన్నానికి ఒళ్ళు ఆనించాడు. మోత ఆగింది. పక్కకు జరిగాడు. మోగింది. మళ్ళీ ఆనించాడు. ఆగింది.

వెనకే వచ్చిన గుట్ట జనం డ్రమ్ము చుట్టూ మూగారు. కారణం చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచకపోవడం కూడా అదే మొదలు.

"ఇందులో ఎవరో ఉంటున్నట్టున్నారే," అంటూ, కన్నం అంచుకు అంటిన జిగురు చూసి పీతమ్మ లోపలికి దూరింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ముందుకాలి డెక్కలో పిల్లపీత డొప్ప ఒకటి ఉంది.

"ఇది నా చిన్నదాని డొప్ప," అంది.

"భూతం తిని పారేసి ఉంటుంది తల్లీ," అన్నాడు మలుగయ్య.

"అది తింటుంటే నువ్వు పక్కనే పడుకున్నావా?"

"నేను... అప్పుడు బయట..."

"ఔను. నువ్వు లోపలుంటే నీ ఒళ్ళే కన్నానికి బిరడా, మోగదు. నువ్వు బయటికొస్తేనే మోగుతుంది. మోగినన్నిసార్లూ మేము మొహాలు ఇసుకలో పెట్టుకున్నాం. నువ్వే పెట్టమన్నావు."

మలుగయ్య చరచరా డ్రమ్ములోకి జారుకున్నాడు. పీతమ్మ డెక్కకు తోక చివర ముక్క ఒకటి దక్కింది. మోత టక్కున ఆగిపోయింది. అంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి?

"రాళ్ళు తెచ్చి కన్నం పూడ్చేద్దాం!" అన్నాడు గొరకయ్య.

"వద్దు, మోగనీ," అంది పీతమ్మ.

ఆ రోజు నుంచీ డ్రమ్ము "గుమ్మ్" అనడం ఆలస్యం, గుట్టమీద ప్రతి సందులోంచీ డెక్కలు, ముళ్ళు, పళ్ళు బయటికి వచ్చేవి. మలుగయ్య తల బయటపెడితే తన ఇల్లే తనమీద కేకలు పెడుతుంది. లోపలుంటే ఆకలి. డ్రమ్ములో చుట్టుకుని పడుకుని, తన కడుపు మూలుగు తానే వింటూ రోజురోజుకూ సన్నబడ్డాడు.

పది రోజులకు జెల్లన్న నోట్లోంచి పిల్లలు ఒక్కొక్కరే బయటికి ఈదారు. నలభై. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. గుట్ట జనమంతా చుట్టూ చేరారు.

"నేను మొదట్నుంచీ అది డ్రమ్మేనంటున్నాను," అన్నాడు తాబేలు తాత.

"అవునవును," అన్నాయి మెత్తళ్ళు.

"నువ్వు చెప్పు జెల్లన్నా! ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఏం ఆలోచించావు? నాలుగు మంచి మాటలు చెప్పు," అన్నాడు గొరకయ్య.

జెల్లన్న నోరు విప్పాడు.

"తినడానికేమైనా ఉందా?"

పిల్లలు గలవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇంతే: అంతుపట్టని చప్పుడుకు అర్థం చెప్పడానికి ఎవడైనా వస్తే, వాడు చెప్పేది వినడానికి ముందు, చప్పుడైనప్పుడు వాడెక్కడున్నాడో కనుక్కోండి.