పై అడవికి విసిరిన జ్వరం

ఎర్రమిట్ట అడవిలో ఆ ఏడు కుందేళ్లు వరసగా రాలిపోతున్నాయి. ముందు ఒళ్లు కాలడం, తర్వాత మెడ కింద గడ్డ కట్టడం, మూడో నాటికి కాళ్లు చాపడం. ఆ అడవిలో రోగాల ఆరా తీసే కొలువు నక్కది. సింహం ఏం చూసి ఇచ్చిందో తెలీదు గానీ, తోక ఊపడం వచ్చినవాళ్లకు మన మధ్య ఇంకా పెద్ద కొలువులే దొరుకుతున్నాయి కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. అడవిలో రోగముందని నక్క నోరు తెరిచి చెబితే తప్ప, గుట్ట మీది ఊటకు కాపలా కాసే ఎలుగుబంటి పక్కకు జరగదు. అప్పటిదాకా అందరికీ వాగు నీళ్లే గతి.

ఐదు పిల్లల్లో రెండింటిని పోగొట్టుకున్న తల్లి కుందేలు, ముళ్లపందిని వెంటబెట్టుకుని నక్క గుహకు పోయింది.

"దొరా, మిగిలిన ముగ్గురైనా నాకు దక్కాలి. ఊట తెరిపించు."

"రోగముంటే కదమ్మా తెరిపించేది! గాలి పడక నాలుగు ముసలి కుందేళ్లు పోతే రోగమంటారా?"

"నా పిల్లలు ముసలివాళ్లా?"

"పుట్టుకే బలహీనమేమో. నీ పాలు చాలలేదేమో."

ఆ మాటకు ముళ్లపందికి ఒంటి మీద ఉన్నవన్నీ లేచి నిలబడ్డాయి.

"నక్కబావా, కుందేలు చచ్చిన చోటల్లా నేలలో ఒక ముల్లు గుచ్చుతూ వస్తున్నా. పదిహేడయ్యాయి. అన్నీ వాగు పొడుగునే. మొదటి ముల్లు దగ్గర నీళ్లలో ఎలుకలు చచ్చి ఉబ్బి ఉన్నాయి. మిట్ట మీద పచ్చి ఆకు నమిలి, మంచు నాకి బతికే కుందేళ్లలో ఒక్కటీ పోలేదు. నీళ్లలోనే ఉంది సంగతంతా. వచ్చి చూడు."

"నీ ముళ్లు నీ వీపునుంటేనే అందం, మరదలా. సరే, రేపొస్తా."

నక్క రేపటి దాకా ఆగలేదు. అందరూ నీడన కునుకు తీసే మిట్టమధ్యాహ్నమే బయల్దేరింది. రోగం చూడటానికి కాదు, శవాలు మాయం చేయడానికి. ఎర్రమిట్టకూ పై అడవికీ నడుమనున్న హద్దురాయికి ఏ పక్కన శవం దొరికితే ఆ పక్క అధికారే సింహానికి జవాబు చెప్పాలి. నక్క బుర్ర వెలిగింది అక్కడే. శవాలను ఒక్కొక్కటే చెవులు పట్టి ఈడ్చి, రాయి దాటించి, పై అడవి వాగులోకి తోసేసింది. తిరిగొస్తూ ముళ్లన్నీ పీకేసింది. పైన ఉంది కాబట్టే దాన్ని పై అడవి అంటారని, వాగు అక్కడి నుంచే తమ వైపు దిగుతుందని ఆ మేధావికి తట్టలేదు. తన గుహ హద్దురాయి పక్కనే కదా! కిందికి దిగిన నీళ్లు ముందు దాని రేవుకే వస్తాయి.

పొద సందులోంచి ముళ్లపంది అంతా చూసింది. పోయి కుందేలు చెవిలో ఒక మాట చెప్పింది.

మర్నాడు నక్క అందర్నీ తన రేవుకు పిలిచింది.

"ఏదీ శవం? ఏదీ ముల్లు? మన అడవి కడిగిన ముత్యం. రోగముంటే గింటే పై అడవిలో ఉండాలి. వాళ్లకు శుభ్రం తక్కువ!"

"అయితే దొరా," అంది కుందేలు, "మా ఎదుట నువ్వు తాగు. నా పిల్లలు దాహంతో నాలుకలు వేలాడేస్తున్నారు. నువ్వు తాగితే వాళ్లనూ తాగనిస్తా."

"ఓస్, అంతేనా?"

శవాలు హద్దు దాటాయంటే జ్వరమూ దాటినట్టేనని దాని నమ్మకం. పొట్ట ఉబ్బేదాకా తాగి, మూతి తుడుచుకుని, "ఆహా, తేనె!" అంది.

"నాలుగు రోజులు చూసి మేమూ తాగుతాం," అని కుందేలు పిల్లలను మిట్ట మీదికి తోలుకుపోయింది. పాపం, అక్కడి మంచు వాటి నాలుకలు తడపడానికే చాలలేదు.

నాలుగో నాడు మెడ కింద గుమ్మడి పిందెంత గడ్డతో, వాగు కేసి చూడాలంటేనే వణుకుతూ, నక్క గుట్టెక్కింది.

"ఎలుగుమామా, గుక్కెడు ఊట నీళ్లు."

"అడవిలో రోగముందా?"

"నాకే గొంతు కాస్త..."

"నీ గొంతు సంగతి నేనడిగానా? అడవిలో రోగముందా లేదా?"

"మనలో మాటగా ఒక్క గుక్క, మామా."

"గుసగుసలకు జరిగే ఒళ్లా ఇది? అరిచి చెప్పు."

చుట్టూ జనం పోగయ్యారు. చివరికి నక్క గొంతు చించుకుని అరిచింది.

"ఉంది! వాగులోనే ఉంది! శవాలు నేనే వేశాను!"

ఎలుగుబంటి లేచి పక్కకు జరిగింది. కుందేలు పిల్లలు మూడూ ఒకదాని మీదొకటి పడి తాగాయి. వాటి వెనకే నక్క మూతి చాచింది. ముళ్లపంది అడ్డం నిలబడింది.

"ఆగు బావా. రోగముందని నీ నోటితోనే చెప్పావుగా? రోగిష్టి మూతి ఊటలో పడకూడదు. గుట్ట కిందికి పో. మేమంతా తాగి, కాళ్లు కడుక్కున్నాక జారే నీళ్లు నీకే."

నక్క కిందికి దిగి, రాతి సందున నోరు తెరుచుకు కూర్చుంది.

నీతి: వాగు పైకి విసిరిన పాపం వాగు వెంటే ఇంటికొస్తుంది.