లక్క ఊడిన సానరాయి

వెనకటికి గిరిపట్నాన్ని ఒక రాజు ఏలేవాడు, పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. కథల్లో రాజులకు ముగ్గురే ఉంటారు, ఎందుకని నన్నడక్కండి. మూడోవాడు మణిధరుడు. అతని సంగతి చెప్పాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంటుంది. అయినా చెప్తాను.

ఆ కోటలో గడ్డాలు గీసే ముసలాయన కొమరయ్య. ఆయన దగ్గర తాతలనాటి సానరాయి ఒకటుండేది. కొండలో పుట్టిన రాయి, తమలపాకుల కట్టలా పొరలు పొరలుగా ఉండేది. పొరల సందుల్లోకి నీళ్ళు దిగితే చీలిపోతుంది. అందుకని నాలుగు పక్కలా లక్క పూసి ఉంచేవాడు. మంగలికత్తి తప్ప వేరే ఇనుము దాన్ని తాకకూడదు. కత్తి నూరాక రాయిని కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టేవాడు. ఎండలో పెడితే రాయికి జ్వరం వస్తుందనేవాడు.

ఒకరోజు మణిధరుడి బాకు పిడి వదులైంది. బిగించాలంటే లక్క కావాలి. కొమరయ్య అన్నానికి వెళ్ళాడు. మణిధరుడు అటూ ఇటూ చూసి, రాయి పక్కలకున్న లక్కంతా గీకి పట్టుకుపోయాడు. కాస్త లక్కే కదా అనుకున్నాడు.

మూడు రోజులు రాయిలోకి నీళ్ళు దిగాయి. నాలుగో రోజుకు పైపొర లేచింది. దాని మీద నూరిన కత్తి రాజుగారి చెంప కోసింది.

"నీ చేతులు వణుకుతున్నాయి, కొమరయ్యా. ఇక కోటకు రావద్దు" అన్నాడు రాజు.

కొమరయ్య తన కత్తుల పొది సర్దుకుని వెళ్ళిపోయాడు. మణిధరుడు పక్కనే ఉన్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. లక్క గీకింది తనేనని మాత్రం చెప్పలేదు.

కొన్నాళ్ళకు, మణిధరుడికి పెళ్ళి నిశ్చయమైన రాజకుమార్తె హేమలేఖను జటాకేతుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాలేదు. రెండో అన్న వెళ్ళాడు, రాలేదు. మణిధరుడు బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎదురైంది.

"ఇంకో కత్తివీరుడా?" అని నిట్టూర్చింది. "నాయనా, వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలకను గడ్డంలో దాచుకున్నాడు. మధ్యాహ్నం తిని గుర్రుపెడతాడు. అప్పుడు ఆ గడ్డం గొరగాలి. ఒక్క వెంట్రుక పీకినట్టున్నా లేస్తాడు. మీ అన్నలు పీకారు, రాళ్ళయ్యారు. పీకని కత్తి తీసుకురా, నేను దాటిస్తాను."

మణిధరుడు మూడు ఊళ్ళ కత్తులు తెప్పించి తన గడ్డం మీదే చూసుకున్నాడు. మొదటిది పీకింది. రెండోది పీకింది. మూడోది పీకి, కోసింది కూడా. ఇక తొక్కాల్సిన గడప ఒక్కటే మిగిలింది.

కొమరయ్య చాప వేశాడు. అంతా విని తల దించుకున్నాడు.

"రాయి చెడిపోయింది, బాబూ. నేనే ఎండలో పెట్టి మరిచిపోయుంటాను. లక్క ఎప్పుడు ఊడిందో కూడా చూసుకోలేదు. ముసలితనం, మతి నిలవడం లేదు."

చెప్పాల్సింది అప్పుడే. చెప్తే సాయం చెయ్యడేమోనని భయపడి, మణిధరుడు ఆ మాట మింగేశాడు.

"ఇక బాగుపడదా, తాతా?" అన్నాడు.

"చీలిన పొర పోయేదాకా అరగదీయాలి. నా ఒక్కడి వల్ల కాదు."

మూడు రోజులు ఇద్దరూ కూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ, రాయిని రాయితో రుద్దారు. మణిధరుడి వేళ్ళు ఒరుసుకుపోయాయి. "రాజబిడ్డవై ఉండి నా రాయికోసం ఇంత కష్టపడుతున్నావు. నీది వెన్నలాంటి మనసు, బాబూ" అనేవాడు కొమరయ్య. ఆ మాట విన్నప్పుడల్లా మణిధరుడికి నేలలోకి కుంగిపోవాలనిపించేది. చదునైన రాయికి కొత్త లక్క పూసి, నీడలో ఆరనిచ్చి, కొమరయ్య కత్తి నూరి ఇచ్చాడు.

తాబేలు ఏడు సముద్రాలూ దాటించింది. మాంత్రికుడు తిని పడుకున్నాడు. కత్తి ఒక్క వెంట్రుకనూ పీకకుండా గడ్డమంతా దించేసింది. చిలక బయటపడింది. దాని మెడ నులమగానే జటాకేతుడు చచ్చాడు, అన్నలు రాళ్ళలోంచి లేచారు, హేమలేఖ చెర వీడింది.

అందరూ గిరిపట్నం చేరాక పెళ్ళి పెట్టుకున్నారు. పెళ్ళికొడుక్కి గడ్డం గీయాలిగా. రాజు కొమరయ్యను పిలిపించాడు. నిండు సభలో, "నీ కత్తి మా పరువు నిలబెట్టింది. నీ పాత తప్పు క్షమించాను" అన్నాడు. కొమరయ్య చేతులు జోడించాడు. సభంతా మెచ్చుకుంది.

మణిధరుడు పీట మీంచి లేచాడు.

"ఆయన తప్పు లేదు, నాన్నగారూ. రాయికున్న లక్క గీకింది నేను. ఆయన్ని వెళ్ళగొడుతుంటే చూస్తూ నిలబడ్డాను. మూడు రోజులు పక్కన కూర్చుని కూడా చెప్పలేదు."

రాజు తల దించుకున్నాడు. కొమరయ్య తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే ఇవి వణకలేదన్నమాట" అన్నాడు. "ఆ రోజే చెప్పుంటే ఇన్నాళ్ళూ వీటిని అనుమానించేవాణ్ణి కాదు, బాబూ. కూర్చో, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు.

పెళ్ళి ఘనంగా జరిగింది. రాళ్ళై వచ్చాక అన్నలిద్దరికీ రాజ్యం మీద ఆశ పోయింది. మణిధరుడే హేమలేఖతో కలిసి నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. కొమరయ్య బతికినన్నాళ్ళూ ఆయనే గడ్డం గీశాడు. కత్తి చెంపకు తగలగానే మణిధరుడు కళ్ళు మూసుకునేవాడు. హాయిగా కునుకు తీస్తున్నాడని జనం అనుకునేవారు. కాదు పిల్లలూ, ఆ ముసలాయన ముఖంలోకి చూడలేకపోయేవాడు.