ఎదుటి విస్తరి

"గురువుగారూ, మేమిద్దరం ఒకే పంక్తిలో కూర్చుంటాం. ఒకే వంట తింటాం. అతని ఒళ్లు తగ్గింది, నాది తగ్గలేదు. అతనికి విడిగా మీరేం ఉపదేశించారు?"

కొండ కింది ఆశ్రమంలో నరహరి అడిగిన ప్రశ్న ఇది. అతనంటే తోటి శిష్యుడు దక్షిణామూర్తి. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఇద్దరూ భారీ మనుషులే. గురువు చిదంబరయ్య రోజూ తెల్లవారుతూనే కొండెక్కి, పైన పాఠం చెప్పేవారు. నరహరికి మోకాళ్లు మొరాయించేవి. సగం దారిలో ఆయాసంతో కూలబడేవాడు. దక్షిణామూర్తి కూడా మొదట్లో అలాగే కూలబడేవాడు గాని, ఏడాది తిరిగేసరికి గురువుగారి పక్కనే నడుస్తూ, ఆయనతో మాట్లాడుతూ పైకి వెళ్లసాగాడు. ఆ మాటలు నరహరికి అందేవి కావు. పైనుంచి ఇద్దరి నవ్వు వినబడితే మాత్రం కడుపులో నిప్పు పోసినట్టుండేది.

చిదంబరయ్య, "ఈ పూట అతని ఎదురుగా కూర్చో. ఏం చేస్తాడో చూసి చెప్పు" అన్నారు.

భోజనాలయ్యాక నరహరి వచ్చాడు.

"చూశానండీ. కూర్చోగానే గ్లాసుడు మంచినీళ్లు తాగాడు. అన్నం తక్కువ, కూర ఎక్కువ పెట్టించుకున్నాడు. నెయ్యి చుక్క పడగానే చాలన్నాడు. నోట్లో ముద్ద పూర్తిగా నమిలితే గాని ఇంకో ముద్ద కలపలేదు. మారు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పుడు పెరట్లో అటూ ఇటూ నడుస్తున్నాడు. ఇవేవో గొప్ప విద్యలైనట్టు. అంతా నలుగురూ చూడాలనేనండీ."

"బాగా చూశావు. మరి నువ్వేం తిన్నావు?"

నరహరి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టబోయాడు. పప్పు గుర్తుంది. కూర వంకాయో బెండకాయో గుర్తు రాలేదు. మారు వడ్డించుకున్నాడో లేదో కూడా తెలియలేదు.

వడ్డన చేసిన సుభద్రమ్మ గుమ్మంలోనే ఉంది. "వేసిందల్లా తిన్నావు నాయనా. మళ్లీ వెయ్యనా అని అడుగుతూనే ఉన్నాను. నువ్వు నా వంక చూస్తేగా. వద్దనలేదు కదా అని వేస్తూ పోయాను" అంది నొచ్చుకుంటూ.

నరహరి తల దించుకున్నాడు. పెరట్లో అడుగుల చప్పుడు వినబడుతోంది. అలవాటుగా అటు తిరగబోయి, తిరగలేదు. "ఏడాదిగా ఇంతేనండీ, నా చూపంతా అతని మీదే" అన్నాడు.

చిదంబరయ్య పైపంచె సర్దుకుని లేచారు.

"రేపు నీ ఎదుట ఎవరినీ కూర్చోబెట్టను. నీ విస్తరి ఒక్కటే ఉంటుంది" అన్నారు.