విప్పని జడ

కోలాటం గురువు దస్తగిరయ్యకు ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా ఔనని గానీ కాదని గానీ అనడు. "చేసి చూడు తల్లీ" అంటాడు, అంతే. ఊరూరా తిరిగి నేర్పే మనిషికి నోట్లోంచి మాట ఊడిపడదేమని చాలామంది విసుక్కునేవాళ్లు. విసుక్కున్నవాళ్లే మళ్లీ తమ ఊరికి ఆయన్ను పిలిపించుకునేవాళ్లు కూడా.

ఆయన శిష్యురాలు మహేశ్వరి ఒకనాడు ఇలా అడిగింది. "సామీ, జడ అల్లేది చూపితే సాలదా? విప్పేది గూడా చూపాల్నా?"

జడకోపు ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. కోలాటంలో అదొక వరస ఆట. పైన దూలానికి ఇనప రింగు కడతారు, దాన్నుంచి రంగురంగుల తాళ్లు వేలాడతాయి. ఆడేవాళ్లు ఎడమచేత తలా ఒక తాడు, కుడిచేత కోల పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఎదురైన మనిషిని ఒకసారి లోపలగా, మరొకసారి వెలుపలగా దాటుతారు. పాట సాగేకొద్దీ పైనుంచి జడ దిగుతుంది. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ జడంతా విప్పాలి. తాళ్లు మళ్లీ దేనికది విడివిడిగా వేలాడితేనే ఆట ముగిసినట్టు. దస్తగిరయ్య నేర్పే పద్ధతి అది.

మహేశ్వరికి ఆ అనుమానం ఊరికే రాలేదు. రాష్ట్ర అవతరణ దినానికి రాజధానిలో మన కళల ఉత్సవం పెడుతున్నారు. జిల్లాకు ఒక్క జట్టునే తీసుకుంటారు. వాళ్ల ఊళ్లో కోలాటం ఆగిపోయి ఒక తరం గడిచిపోయింది. ఆ ఊరికి కోడలిగా వచ్చి అంగన్‌వాడీలో పనిచేస్తున్న మహేశ్వరి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను పోగుచేసింది. "పిల్లోళ్లకు గుడ్లు పంచుకోక ఈమెకు ఈ చిందులెందుకు" అని నవ్వినవాళ్లు నవ్వారు. పత్తి ఏరి వచ్చిన చేతులతోనే ఆ ఆడవాళ్లు కోలలు పట్టారు. రాజధానిలో మైకు నిండా ఊరి పేరు వినపడాలని మహేశ్వరి ఆశ. ఓడి తిరిగొస్తే వీళ్లు మళ్లీ కోల ముట్టరని, ఊళ్లో కోలాటం ఈసారి పూర్తిగా పోతుందని భయం. ఆశ కంటే భయమే పెద్దది.

జిల్లా ఎంపికలో ఇచ్చే సమయం కాస్తంత. చప్పట్లు పడేది జడ పూర్తయినప్పుడు. విప్పేటప్పుడు చూసేవాళ్లు ఆవలిస్తారు, ఫోన్లు తీస్తారు. అందుకని విప్పడం తీసేసి అల్లికనే మరికాస్త పొడిగిద్దామని ఆమె అనుకుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మన ఉత్సవాలన్నీ అలాగే నడుస్తున్నాయి.

"చేసి చూడు తల్లీ" అన్నాడు దస్తగిరయ్య.

చేశారు. సాయంత్రం బడి వసారాలో జడ అల్లడం, తమకు తామే చప్పట్లు కొట్టుకోవడం, ఆపైన రింగు కిందికి దించి చుట్టూ చేరి, ఊరి కబుర్లు చెప్పుకుంటూ చేతులతో చిక్కుదీసుకోవడం. గురువు పక్కన కూర్చుని తాళం వేసేవాడు. మంచీ చెడూ ఒక్క మాటా అనలేదు.

ఎంపిక జిల్లా కేంద్రంలో ఒక పెద్ద షెడ్డులో జరిగింది. మన సంస్కృతి మన గర్వమంటూ అడుగడుగునా ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో సంస్కృతి ఓ మూల ఉంది, మిగతా అంతా నమస్కారాలు పెట్టే ముఖాలే. మహేశ్వరి జట్టు బాగా ఆడింది. మొహమాటానికి అనడం లేదు, నిజంగానే బాగా ఆడింది. జడ ఎక్కడా వదులు లేకుండా నున్నగా దిగింది. షెడ్డంతా చప్పట్లు మోగాయి. నిర్ణేతలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. మహేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే జిల్లా పెద్ద అధికారి వచ్చాడు. ఆయన చూసింది కడపటి ముక్క మాత్రమే. ఆయనకు ముచ్చటేసింది. "అయ్యో, మొదటినుంచి చూడలేకపోయానే! ఇంకొక్కసారి ఆడతారామ్మా?" అని మర్యాదగానే అడిగాడు.

వేదిక మీద ఆడవాళ్లంతా తాళ్ల కొసలు పట్టుకుని బిక్కమొహాలు వేశారు. మళ్లీ ఆడాలంటే ముందు జడ విప్పాలి. రింగు దించుదామంటే నిచ్చెన తెచ్చినతను భోజనానికి పోయాడు. సుంకులమ్మ తన తాడు గుంజింది. పక్కనున్న మద్దిలేటమ్మ తాడు బిగిసింది.

"నువ్వు ఇట్ల రావల్ల!"

"నేనేల వస్తా, నువ్వే పో అట్ల!"

మైకు వాళ్ల దగ్గరే ఉండటంతో ఆ మాటలు షెడ్డు చివరిదాకా వినపడ్డాయి. తలా ఒక దిక్కుకు కదిలారు. నున్నటి జడ కాస్తా కింద పెద్ద చిక్కయి కూర్చుంది. జనంలో నవ్వు లేచింది. మహేశ్వరికి తల కొట్టేసినట్టయింది.

దస్తగిరయ్య చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. ఎవరినీ కసురుకోలేదు. చిక్కును మాత్రం నిదానంగా వేళ్లతో సవరించి, "అమ్మా, కడాకు ఎవురు ఎవుర్ని దాటినారు?" అని అడిగాడు.

ఎవరికీ గుర్తు లేదు. అందరి చూపూ దిగుతున్న జడ మీదే ఉండింది. ఆలోచించి ఆలోచించి సుంకులమ్మ అంది, "ఈ మద్దిలేటమ్మ మోచెయ్యి నాకు పొడుచుకునింది సామీ. అదే కడాది. ఇంకా నొప్పిగానే ఉంది."

"అయితే ఆడ్నుంచే. వచ్చిన దావనే ఎనక్కి పోండి."

డప్పు లేదు, పాట లేదు. ఒక్కొక్కరూ పక్క మనిషిని అడిగి అడుగు వెనక్కి వేశారు. నువ్వు నా ముందర పోయినావంటే, కాదు ఎనకాల పోయినానని తగువులాడారు. తప్పు వేశారు, నిలిచారు, మళ్లీ వేశారు. జడ కిందినుంచి కొంచెం కొంచెంగా విడసాగింది. సగం విడేసరికి అడగడాలు, చెప్పడాలు ఆగిపోయాయి. కాళ్లకు దారి దొరికింది. ఎవరో సన్నగా పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు. దస్తగిరయ్య పక్కకు తప్పుకున్నాడు. నవ్విన జనం నవ్వు మాని చూశారు. అధికారి తనకు వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉండిపోయాడు. విప్పుతుంటే ఎవరూ ఆవలించకపోవడం ఆ వేదిక ముందు అదే మొదలేమో.

తాళ్లన్నీ దేనికది వేలాడేసరికి వాళ్ల సమయం ఎప్పుడో దాటిపోయింది. నిర్వాహకులు తర్వాతి జట్టును పిలిచేశారు. సాయంత్రానికి ఎంపికైంది వేరే ఊరి చెక్కభజన జట్టు. అధికారి మాత్రం మహేశ్వరిని పిలిచి శాలువా కప్పాడు. ఆయన మనసు మంచిదే, కానీ శాలువాతో రాజధాని బస్సు ఎక్కలేరు కదా.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ముందు సీటున గురువు పక్కన కూర్చుని మహేశ్వరి ఆపుకోలేక ఏడ్చింది.

"నా వల్లే పాయె సామీ. ఇట్లయితుందని మీకు ముందే తెలుసు. ఒక్క మాట చెప్పుంటే ఏమయితుండె? ఇంక వీళ్లు రారు. ఎవురూ రారు."

వెనక సీట్లలో గొడవ మొదలైంది.

"నేను నీ ఎనకాల్నే పోయింటి."

"అబద్దం! ఎనకాల పోయింటే మోచెయ్యి యాడ తగుల్తది?"

"సరే, రేపు పొద్దు గూకేసరికి వసారాకు రా. విప్పేది మొదట్నుంచి చేద్దాం. ఎవురిది తప్పో తేల్తది."

"నేను రాకేం? నువ్వే ముందు రా చూద్దాం!"

ఒకరికొకరు తోడై ఆటోలో ఉన్నవాళ్లంతా ఆ పంచాయితీలో దిగారు. ఎవరూ రాజధాని మాట ఎత్తలేదు.

దస్తగిరయ్య మహేశ్వరి వైపు తిరిగి అన్నాడు. "విన్నావా తల్లీ? మీ ఊరికి కోలాటం ఈ పొద్దొచ్చింది."