ఆసుపత్రి రోడ్డుకి ఒకే ఒక్క గుంత

గోగులపాలెం వాళ్ళకి తెలివి ఎక్కువని మొదట కనిపెట్టింది గోగులపాలెం వాళ్ళే. ఆ తర్వాత ఇంకెవరూ కనిపెట్టలేదు. అయినా వాళ్ళకి బెంగ లేదు. ఆ ఊళ్ళో వీధి దీపాలు పగలు వెలుగుతాయి, చీకటి పడగానే ఆరిపోతాయి. ఇదేం వింతయ్యా అని అడిగితే, "రాత్రి అందరూ పడుకుంటారు కదండీ, ఎవరు చూడాలని తగలెయ్యడం?" అని ఎదురు అడుగుతారు. ఆ ఏర్పాటు చేసింది ఊరి ప్రెసిడెంటు తాతబ్బాయి. ప్రజల సొమ్ము పైసా వృథా పోనివ్వడని ఆయనకి గొప్ప పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ ఆయనే.

తాతబ్బాయికి ఒక్కతే కూతురు, రత్నం. తొలికాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చారు. ఆసుపత్రి రోడ్డు మీదుగా ఆటో ఇల్లు చేరేసరికి హారను ఒక గుంతలో రాలిపోయింది, రత్నం చెప్పు ఇంకో గుంతలో రాలిపోయింది. "పోనీలే, బండి తేలికైంది, మైలేజీ వస్తుంది" అని తాతబ్బాయి సంతోషించాడు.

ఆయన భార్య అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏవండీ, నెల తిరిగేసరికి పిల్లని ఇదే దారిన ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈలోగా రోడ్డు వేయించకపోతే పురుడు ఏ గుంతలోనో పోసుకోవాలి. మీరు ప్రెసిడెంటో కాదో నాకిప్పుడు తేలాలి."

తాతబ్బాయి గుండెల్లో రాయి పడింది. రత్నమంటే ఆయనకి పంచప్రాణాలు. అంతే, మర్నాడే మండలాఫీసుకి పరుగెత్తి ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చాడు.

ఇంజనీరు ఊరంతా చూసి పెదవి విరిచాడు. "డబ్బు ఒక్క రోడ్డుకే ఉందండి. మీకేమో మూడు రోడ్లు. దేనికి ఎక్కువ గుంతలుంటే దానికే ముందు. రూలు అది. శుక్రవారం వచ్చి లెక్కపెడతాను" అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మూడింట్లో ఒకటి ఆసుపత్రికి పోతుంది, ఒకటి రైసుమిల్లుకి, ఒకటి శ్మశానానికి. శ్మశానం రోడ్డు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ దారిన నలుగురి భుజాల మీద వెళ్ళినవాళ్ళలో ఇంతవరకూ ఒక్కరూ తిరిగొచ్చి రోడ్డు బాలేదని చెప్పలేదు కాబట్టి అది బాగున్నట్టే లెక్క అని మెంబర్లంతా తేల్చేశారు. పోటీ మిగతా రెండింటికే.

సాయంత్రానికల్లా రైసుమిల్లు ఓనరు గంగరాజు మనుషులు గునపాలతో తమ రోడ్డు మీద పడ్డారు. ఇంకేముంది, తాతబ్బాయికి రోషం వచ్చింది. దండోరా వేయించి ఊళ్ళో సగంమందిని ఆసుపత్రి రోడ్డు మీదికి తోలాడు. ఆయన కూడా పంచె ఎగ్గట్టి పార పట్టాడు.

అచ్చియ్యమ్మకి మతి పోయింది. "గుంతలు పూడ్చమని నేను మొత్తుకుంటుంటే మీరు తవ్వుతారేంటండీ?"

"ఒసే పిచ్చిదానా, జబ్బు ముదిరితేగాని మందివ్వరు. ముదరబెట్టద్దూ?" అన్నాడు తాతబ్బాయి చెమట తుడుచుకుంటూ.

మిల్లు వాళ్ళు రెండు గుంతల మధ్య ఇంకోటి తవ్వారంటే, వీళ్ళు దాని పక్కన మరోటి తవ్వారు. చోటు చాలక గట్లు కూడా తవ్వేశారు. చూస్తుండగానే ఆటో పోయే రోడ్డు ఎడ్లబండి పోయే రోడ్డయింది. ఎడ్లబండి రోడ్డు మేక దారయింది. గురువారం పొద్దు వాలేసరికి మేక కూడా కిందికి చూసి వెనక్కి తిరిగింది. తాతబ్బాయి నడుం పట్టుకుని, "ఇప్పుడు రమ్మనండి ఇంజనీరుని" అన్నాడు.

ఇంజనీరు వచ్చాడు. ఆసుపత్రి రోడ్డు అంచున నిలబడి ఈ కొసనుంచి ఆ కొసకి చూశాడు. మొత్తం నడుంలోతు కాలవ.

"ఒకటి" అన్నాడు.

"ఒకటేంటండీ! వందలు తవ్వాం కదా!"

"గుంతకీ గుంతకీ మధ్య రోడ్డుంటేగా వేరే గుంత అనేది? మీరు అన్నీ కలిపేశారు. ఈ కొసనుంచి ఆ కొసకి ఒకటే గుంత."

తాతబ్బాయికి ఎంత ఆలోచించినా ఇంజనీరు లెక్కలో తప్పు కనిపించలేదు. మిల్లు రోడ్డుకీ ఒకటే వచ్చింది. శ్మశానం రోడ్డు జోలికి ఎవరూ పోలేదు కాబట్టి దాని గుంతలు దానికి భద్రంగా ఉన్నాయి. లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. అంతే, ఇంజనీరు డబ్బు మొత్తం దానికి రాసేశాడు. రూలు రూలే. రోడ్డు ఎక్కడికి పోతుందో చూడమని ఆ రూల్లో ఎక్కడా లేదు, చూడాలని ఆయనకీ తోచలేదు.

తాతబ్బాయి ఒక పూట అన్నం మానేశాడు. కానీ కంకర దిగి, తారు పరిచి, రోలరు తిరిగేసరికి మనిషి మళ్ళీ మామూలైపోయాడు. అలాంటి రోడ్డు ఆ చుట్టుపక్కల లేదు. రిబ్బను కట్టి కత్తిరించాడు. జనం సాయంత్రాలు చెప్పులు విప్పి దాని మీద షికారు చేశారు. "చచ్చాక పోయే చోటికి బతికుండగానే ఇంత సుఖంగా పోతున్నాం, ఏ ఊరికుందండీ ఈ యోగం?" అని పొంగిపోయారు. ఆసుపత్రి రోడ్డులో వానలకి నీళ్ళు నిండితే, బాతులు బాగా పెరుగుతున్నాయని దానికీ పొంగిపోయారు.

ఒకనాడు పొద్దున్నే రత్నానికి నొప్పులొచ్చాయి. ఇల్లంతా గోల. తాతబ్బాయి పంచె ఊడిపోయింది, మళ్ళీ కట్టుకుని ఆటో బుల్లెబ్బాయిని కేకేశాడు. అల్లుడికి ఫోను చేశాడు. తల్లీకూతుళ్ళని వెనక కూచోబెట్టి, తను బుల్లెబ్బాయి పక్కన ఇరుక్కున్నాడు.

"ఎటు పోనిమ్మంటారు ప్రెసిడెంటుగారూ?" అన్నాడు బుల్లెబ్బాయి.

"గతుకుల రోడ్డు మీద పిల్లని తిప్పద్దు, మంచి రోడ్డు మీదే తీసుకెళ్ళండని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. మనకున్న మంచి రోడ్డు ఒక్కటే కదరా. పోనీ."

ఆటో వెన్నలా సాగిపోయింది. అచ్చియ్యమ్మ కూతురి నడుం నిమురుతూ, కళ్ళు మూసుకుని దండకం చదువుతోంది. తాతబ్బాయి రోడ్డుని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బండి ఆగింది.

"దిగండి" అన్నాడు బుల్లెబ్బాయి.

"ఆసుపత్రి వచ్చిందా?" అంది రత్నం మూలుగుతూ.

"రోడ్డు అయిపోయిందమ్మా."

అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా కట్టెల మోపులు, బూడిద కుప్పలు, రేకుల షెడ్డు. మొగుణ్ణి తిట్టే టైము ఆవిడకి లేదు. గేదెలకి పురుళ్ళు పోసిన చెయ్యి ఆవిడది. మగాళ్ళిద్దర్నీ అవతలికి తరిమి, కూతుర్ని షెడ్డులో పడుకోబెట్టి, చీర అడ్డం కట్టింది. కాసేపటికి కేరుమంటూ పిల్లాడి ఏడుపు వినిపించింది. ఆ చోట పుట్టుక ఏడుపు వినిపించడం అదే మొదలు.

తాతబ్బాయి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కూతురికి గండం గడిచింది, మనవడు పుట్టాడు, ఇంక ఆయనకి కావలసిందేముంది?

"ఏడ్చింది చాలు. బండి షెడ్డు దగ్గరికి తెప్పించండి, ఇంటికి పోదాం" అని కేకేసింది అచ్చియ్యమ్మ.

బుల్లెబ్బాయి బండిని ఊరివైపు తిప్పాడు, తాతబ్బాయి ఎక్కాడు. ఎక్కగానే ఊరి ఆచారం గుర్తొచ్చింది, షెడ్డు మాట మరుపొచ్చింది. "ఒరే బుల్లెబ్బాయ్, ఇక్కణ్ణించి బయల్దేరేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. పసిగుడ్డుకి మంచిది కాదు. ఆ అద్దాలు కూడా విరిచెయ్." బుల్లెబ్బాయి అద్దాలు విరిచాడు. తాతబ్బాయి ముందుకే చూస్తూ, "ఎక్కండే తల్లీ, జాగ్రత్త" అన్నాడు. ఎక్కడానికి పట్టే టైము ఇచ్చి, "పోనీరా" అన్నాడు.

వెనకనుంచి "ఆగండీ, ఆగండీ" అని ఆడగొంతు వినిపించింది. బుల్లెబ్బాయి బ్రేకు మీద కాలేశాడు.

"పలక్కు. ఇలాంటి చోట వెనకనుంచి ఎవరు పిలిచినా పలక్కూడదు" అని తాతబ్బాయి వాడి తొడ మీద ఒక్కటేశాడు. ఆటో వేగం పెరిగింది.

ఇంటి ముందు అల్లుడు శ్రీమన్నారాయణ ఉన్నాడు. రోడ్డు లేక పొలాల గట్లమీద పడి వచ్చాడు, మోకాళ్ళదాకా బురద. "మామయ్యగారూ, రత్నం ఎలా ఉంది?"

"మగపిల్లాడండీ అల్లుడుగారూ, ఇద్దరూ క్షేమం. వెనక కూచున్నారు."

అల్లుడు వెనక చూశాడు. సీటు కింద చూశాడు. "ఎవరూ లేరండి."

తాతబ్బాయి నోరు తెరిచాడు. "దారంతా చప్పుడు లేదేంటా అనుకున్నాను. రోడ్డు అంత బాగుంది, ఒక్క కుదుపు లేదు, హాయిగా నిద్రపోతున్నారనుకున్నానండి."

అల్లుడు ఇంకో మాట వినలేదు. బురద కాళ్ళతోనే శ్మశానంవైపు పరుగు తీశాడు.

బుల్లెబ్బాయి బండి తిప్పబోయాడు. తాతబ్బాయి వాడి చెయ్యి పట్టుకున్నాడు. "బుద్ధుందిట్రా? శ్మశానం మనకి వెనకుంది. ఇప్పుడు బండి తిప్పితే వెనక్కి తిరిగి చూసినట్టు కాదూ? రివర్సు వెయ్."

బుల్లెబ్బాయి రివర్సు వేశాడు. అద్దాల్లేని ఆటోలో ఇద్దరూ ఇంటివైపే చూస్తూ, మెడ తిప్పకుండా, మండలంలోకెల్లా నున్నని రోడ్డు మీద వెనక్కి వెనక్కి శ్మశానానికి బయల్దేరారు.