గోడ మీద బూడిద

పటంలో తప్పు లేదని సుమనుడు తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. అయినా ఆ పటాన్ని నమ్మి ఒక కుటుంబం ఊరు దాటింది. అందులో ముసలామె తిరిగి రాలేదు.

కృష్ణ ఒడ్డున ఉన్న విహారంలో సుమనుడు చిన్న భిక్షువు. బొమ్మలు గీయడంలో మంచి పనితనం ఉంది. ఆ ఏడు వానలు వెనకబట్టాక పల్లెల్లో విషజ్వరాలు మొదలయ్యాయి. భిక్షకు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన కబుర్లన్నీ కూడగట్టి, విహారం బయటి సున్నపు గోడ మీద నదికి ఇరుపక్కలా ఉన్న ఊళ్ళన్నీ గీశాడు. జ్వరం ఉన్నచోట ఎర్రటి జేగురు పూశాడు. మిగతాదంతా గోడ తెలుపే.

జనం వచ్చి చూసేవాళ్ళు. పశువుల్ని తోలుకుపోయేవాడూ, సంబంధం మాట్లాడడానికి వెళ్ళేవాడూ గోడవంక ఒకసారి చూసి దారి ఎంచుకునేవాడు. ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే సుమనుడికి గర్వంగా ఉండేది.

విధికుడనే సాలెవాడూ అలాగే చూశాడు. తన ఊరు ఎర్రగా ఉంది. నది అవతల ముల్లపాడు తెల్లగా ఉంది. తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. తీరా చూస్తే ముల్లపాడులో జ్వరం లేని ఇల్లు లేదు. తల్లి అక్కడే పోయింది.

తిరిగొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. తిట్టలేదు.

"అయ్యా, ఇక్కడ తెల్లగానే ఉంది కదా," అన్నాడు. కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

సుమనుడికి అన్నం సయించలేదు. గురువైన నాగబోధి స్థవిరుడి దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, జ్వరం ఉందని తెలిసినచోటే ఎరుపు పూశాను. ముల్లపాడు నుంచి ఎవరూ రాలేదు, మనవాళ్ళెవరూ అటు పోలేదు. అందుకని వదిలేశాను. అక్కడ జ్వరం లేదని నేనెక్కడా అనలేదు. ఆ సాలెవాడే అలా అనుకున్నాడు."

"ఎందుకనుకున్నాడు?"

"తెల్లగా ఉంది కాబట్టి."

స్థవిరుడు లేచి వంటశాలకు వెళ్ళాడు. పొయ్యిలోంచి బూడిద తీసి, నీళ్ళు కలిపి, గోడ దగ్గరికి వచ్చి ముల్లపాడు మీద అరచేత్తో పులిమాడు. తరవాత పక్క ఊరు చూపించాడు.

"ఇక్కడి సంగతి తెలుసా?"

"తెలియదు భంతే."

అక్కడా పులిమాడు.

"ఇక్కడ?"

"బాగానే ఉన్నారని ఎవరో బాటసారి అన్నాడు. అదీ చాన్నాళ్ళ కిందట."

అక్కడ వేలితో పలచగా పూశాడు. ఆ తరవాత ఎరుపు అంచు దగ్గర ఆగాడు.

"జ్వరం సరిగ్గా ఇక్కడికే ఆగిందని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. గీత ఎక్కడో ఒకచోట ఆపాలి కదా."

స్థవిరుడు బొటనవేలితో ఆ అంచును చెరిపాడు. ఎరుపు ఎక్కడ అయిపోయిందో ఇక కనిపించలేదు. పని అయ్యేసరికి గోడలో సగానికి పైగా బూడిదే.

"పటం పాడైపోయింది భంతే. దీన్నిక ఎవరు నమ్ముతారు?"

స్థవిరుడు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు జనం ఒకసారి చూసి సాగిపోలేదు. నిలబడిపోయారు. గొర్రెల కాపరి ఒకడు, "ఈ బూడిదేమిటయ్యా?" అని అడిగాడు. అక్కడి సంగతి మాకు తెలియదని సుమనుడు చెప్పాడు. "తెలియనిదాన్ని గోడకెక్కించడం దేనికి?" అని అతను నవ్వుకుంటూ పోయాడు.

పొద్దెక్కాక నడివయసు ఆడమనిషి ఒకామె వచ్చింది. పేరు బుధి. ముల్లపాడు ఆమె పుట్టిల్లు. గోడ చూసి అక్కడే కూలబడింది.

"అందరూ పోయారా? తగలబెట్టేశారా?"

"లేదమ్మా. బూడిదంటే పోయారని కాదు. ఏమయిందో మాకు తెలియదని."

"తెలియదా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే మా నాన్న బతికే ఉన్నాడేమో."

"ఉండొచ్చమ్మా. లేకపోనూవచ్చు."

"చూసొచ్చేదెవరయ్యా?"

సుమనుడు గోడవంక చూశాడు. ఆమె కాసేపు కూర్చుని, లేచి రేవు వైపు నడిచింది.

అతను గురువు దగ్గరికి పోయాడు. ఈసారి సాకులు చెప్పలేదు.

"భంతే, తెల్లగా వదిలేస్తే బాగున్నారనుకున్నారు. బూడిద పూస్తే ముల్లపాడు ఆడపడుచు ఒకామె అందరూ పోయారనుకుని, చూసొచ్చేదెవరని అడిగింది. ఇంకే రంగు వెయ్యమంటారు?"

నాగబోధి గోడకు ఆనించి ఉన్న సుమనుడి భిక్షాపాత్ర తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆవిడ నిన్ను రంగు అడగలేదు నాయనా."

సుమనుడు పాత్ర అందుకున్నాడు. తరవాత విహారంలోని మందుల సంచీ భుజాన వేసుకుని రేవుకు దిగాడు. పడవవాడు తాడు విప్పుతున్నాడు. ముల్లపాడు వైపు వెళ్ళే మనిషి బుధి ఒక్కతే.

సుమనుడు ఎక్కి, అవతలి కొసన కూర్చున్నాడు.